క్వాడ్‌కాప్టర్ గాల్లో తేడా చేస్తోందా? సెట్టింగులు మార్చాలా, కరెంటు లైను మార్చాలా, బోర్డే మార్చాలా

ఇంట్లో కట్టుకున్న క్వాడ్‌కాప్టర్ లేచీ లేవగానే బోల్తా కొడుతుంటే, లేదా పది సెకన్లు చక్కగా ఎగిరి ఉన్నట్టుండి రాయిలా పడుతుంటే మనలో చాలామంది చేసే మొదటి పని ల్యాప్‌టాప్ తెరిచి పీఐడీ అంకెలు (క్వాడ్ వంగితే ఎంత గట్టిగా సర్దుకోవాలో చెప్పే పీ, ఐ, డీ విలువలు) మార్చడం, అది కుదరకపోతే కొత్త ఫ్లైట్ కంట్రోలర్ (క్వాడ్‌కి మెదడు లాంటి బోర్డు) కోసం వెతకడం. నేనూ అదే చేశాను. నాది మామూలు ఎఫ్450 ఫ్రేమ్, 1000 కేవీ (వోల్టుకి నిమిషానికి 1000 చుట్లు) ఎ2212 మోటార్లు నాలుగు, 30 ఆంపియర్ల ఈఎస్‌సీలు (మోటారు వేగాన్ని నడిపే సర్క్యూట్లు), 10 అంగుళాల ప్రాప్స్ (రెక్కలు), 3ఎస్ (మూడు సెల్స్) 2200 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ, మీద ఏపీఎం 2.8 బోర్డు. కొన్ని సామాన్లు కోఠిలో గుజరాతీ గల్లీ తిరిగి తెచ్చుకున్నాను, కొన్ని ఆన్‌లైన్‌లో తెప్పించాను. వరికోత అయిపోయిన మడిలో మూడు ఆదివారాలు ఎగరేస్తే మూడు ఆదివారాలూ పడింది, ప్రతిసారీ ఇంటికొచ్చి అంకెలు మార్చాను, ప్రాప్స్ రెండు జతలు విరిగాయి.

నాలుగో ఆదివారం మా ఊళ్లో బోరు మోటార్లకి వైండింగ్ చేసే అన్న చూడ్డానికి వచ్చాడు. ఆయనకి డ్రోన్ గురించి ఏమీ తెలియదు. పడిన వెంటనే దగ్గరికెళ్లి బ్యాటరీ కనెక్టర్ పిన్నుల మీద ఒక్కొక్కటిగా వేలు పెట్టి, "తమ్మీ, ఇదొక్కటే కాలుతోంది చూడు, ఇక్కడ టంకం పట్టలేదు. ఖాళీగా ఉన్నప్పుడు కొలిచిన వోల్టేజి లెక్కలోకి రాదు, లోడు మీద చూడాలె" అన్నాడు. విప్పి చూస్తే నిజమే, ఆ ఎక్స్‌టీ60 కనెక్టర్ పిన్ను పైపైన టంకం మెరుస్తోంది కానీ లోపల వైరుకి పట్టలేదు. మోటార్లు గట్టిగా తిరిగి, ఆ అదురుకి వైరు ఒక్క క్షణం వదిలితే చాలు, బోర్డు రీసెట్ అయిపోతుంది, గాల్లో రీసెట్ అయిన బోర్డు మోటార్లని ఆపేస్తుంది. మూడు వారాలు నేను మార్చిన అంకెలకీ ఈ సమస్యకీ సంబంధమే లేదు.

అందుకే మీ ముందు రెండు మూడు దారులున్నప్పుడు ఏది ముందు ఎంచుకోవాలో, డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో వివరంగా రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: కరెంటు లైను శుభ్రంగా ఉందని తేలేదాకా సెట్టింగులు ముట్టుకోవద్దు, బోర్డు అసలే మార్చొద్దు.

సెట్టింగుల తప్పా, కరెంటు తప్పా?

రెండూ బయటికి దాదాపు ఒకేలా కనబడతాయి కాబట్టే ఇంత తికమక. కానీ కొన్ని గుర్తులున్నాయి. సెట్టింగుల తప్పు ప్రతిసారీ ఒకేలా వస్తుంది. ఎప్పుడు లేపినా అదే వైపు బోల్తా కొడుతోందంటే అది మోటార్ల వరస తప్పో, ప్రాప్ తిరగేసి పెట్టడమో, బోర్డు మీద బాణం గుర్తు ముందుకి లేకపోవడమో అయ్యుంటుంది. కరెంటు తప్పు మాత్రం లోడును బట్టి వస్తుంది. మెల్లగా నిలిపి ఉంచితే బాగుంటుంది, థ్రాటిల్ ఒక్కసారిగా ఎత్తగానే పడుతుంది, లేదా మొదటి మూడు నిమిషాలు బాగుండి బ్యాటరీ సగమయ్యాక తేడా మొదలవుతుంది. బోరు మోటారు వేయగానే ఇంట్లో బల్బు మసకబారుతుంది చూడండి, అలాంటిదే ఇది కూడా.

ఇంకో రకం ఉంది. ఒక్క మోటారే తడబడి క్వాడ్ ఆ మూలకి తిరగబడుతుంది, పడ్డాక చూస్తే బోర్డు లైట్లు మామూలుగానే వెలుగుతుంటాయి, రీసెట్ అయిన జాడ ఉండదు. అప్పుడు ఆ ఒక్క మోటారు, ఆ ఒక్క ఈఎస్‌సీ సంగతి చూడండి. ఎ2212 మోటార్లు బిగించేటప్పుడు స్క్రూ కాస్త పొడవైతే కొన లోపల వైండింగ్‌కి తగులుతుంది, ఎనామిల్ గీసుకుపోతుంది, మొదట్లో ఏమీ తెలియదు, వేడెక్కాక మొదలవుతుంది.

ఆర్డుపైలట్ (ఏపీఎం, పిక్స్‌హాక్ లాంటి బోర్డుల్లో నడిచే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లకి లాగ్, అంటే ఎగిరినంతసేపూ బోర్డు రాసుకునే రికార్డు ఉంటుంది, దాన్ని తెరిచి చూడండి. క్వాడ్ గాల్లో ఉండగానే, ఎత్తు ఇంకా పది మీటర్లు చూపిస్తుండగానే లాగ్ ఆగిపోయిందంటే బోర్డుకి కరెంటు పోయిందన్నమాట, ఇక పీఐడీ గురించి ఆలోచించక్కర్లేదు. లాగ్‌లో బోర్డు వోల్టేజి గీత కూడా ఉంటుంది. 0.1 నుంచి 0.15 వోల్టుల అటూ ఇటూ ఊగడం మామూలే, మోటార్లు గట్టిగా లాగిన ప్రతిసారీ అంతకంటే లోతుగా గుంట పడుతుంటే మాత్రం అక్కడే దొంగ దొరికినట్టు. బోర్డు వోల్టేజి 4.3 కంటే తక్కువున్నా 5.8 కంటే ఎక్కువున్నా ఆర్మ్ (మోటార్లు తిరగడానికి సిద్ధం) కానివ్వకుండా ఆపే చెక్ కూడా ఉంది. చాలామంది చిరాకుపడి ఆ చెక్‌లని ఆఫ్ చేసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి.

లాగ్ లేకపోతే మల్టీమీటర్. అయితే లోడు లేకుండా కొలవడం దండగ, ప్రాప్స్ లేకుండా మోటార్లు తిప్పితే లోడు పడనే పడదు. దీనికి మంచి పద్ధతి ఉంది: నాలుగు ప్రాప్స్‌ని తిరగేసి, ఒక్కోదాన్ని ఫ్రేమ్‌లో పక్క చేయి మీది మోటారుకి జరిపి బిగిస్తే గాలి పైకి తోస్తుంది, క్వాడ్ నేలకి అదుముకుని ఉంటుంది. దిక్సూచి మీద మోటార్ల ప్రభావం కొలవడానికి ఆర్డుపైలట్ వాళ్లు చెప్పే ఏర్పాటు ఇదే, కాబట్టి రెండు పనులూ ఒకేసారి అవుతాయి. అయినా సరే బల్లకి తాళ్లతో గట్టిగా కట్టండి, కళ్లద్దాలు పెట్టుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. అప్పుడు థ్రాటిల్ సగం పైకి ఎత్తి బ్యాటరీ దగ్గర ఒకసారి, ఈఎస్‌సీల దగ్గర ఒకసారి, బోర్డు 5 వోల్టుల పిన్నుల దగ్గర ఒకసారి కొలవండి, మీటర్ తీగలు ప్రాప్స్‌కి అందకుండా ముందే క్లిప్పులతో బిగించి పెట్టుకోండి. బ్యాటరీ దగ్గర 11.8 ఉండి ఈఎస్‌సీల దగ్గర 11.2 ఉందంటే మధ్యలో ఎక్కడో అర వోల్టుకి పైగా తినేస్తున్న జాయింట్ ఉంది. లెక్క చూడండి: 10 మిల్లీఓముల చెడ్డ జాయింట్‌లో 50 ఆంపియర్లు పారితే 0.5 వోల్టు పోవడమే కాదు, అక్కడ 25 వాట్ల వేడి పుడుతుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్ వేడి అది. మామూలు మల్టీమీటర్‌కి ఒక లోపం ఉంది, క్షణకాలం పడే గుంటల్ని పట్టుకునేంత వేగం దానికి ఉండదు, కాబట్టి మీటర్ బాగుందని చెప్పినా లాగ్ బాలేదని చెబితే లాగ్‌నే నమ్మండి.

బోర్డుకి 5 వోల్టులు ఎక్కడి నుంచి?

అసలైన ఎంపిక ఇక్కడే ఉంది, ఎక్కువమంది తప్పు చేసేదీ ఇక్కడే. మూడు దారులున్నాయి.

మొదటిది, ఈఎస్‌సీలోనే ఉండే బెక్, అంటే బ్యాటరీ వోల్టేజిని 5 వోల్టులకి దించే సర్క్యూట్. అదనపు ఖర్చు లేదు, మూడు తీగల కేబుల్ గుచ్చితే అయిపోతుంది. చవక ఈఎస్‌సీల్లో ఇది లీనియర్ రకం, అంటే మిగిలిన వోల్టేజినంతా వేడిగా పోగొడుతుంది. నిండు 3ఎస్ బ్యాటరీ 12.6 వోల్టులు, అందులోంచి 5 తీస్తే 7.6 మిగిలింది, 1 ఆంపియర్ లాగితే 7.6 వాట్ల వేడి ఆ చిన్న చిప్ మీద. అదే 4ఎస్ అయితే 11.8 వాట్లు. మీద 2 ఆంపియర్లు అని రాసి ఉన్నా, మన మే నెల ఎండలో, ష్రింక్ ట్యూబ్ లోపల, పైగా మోటారు వేడి కూడా తగులుతుంటే అది అంత ఇవ్వలేదు, వేడెక్కి తనని తాను ఆపేసుకుంటుంది. బోర్డు, రిసీవర్ రెండే ఉంటే ఇది చాలు, కేకే 2.1.5 లాంటి చిన్న బోర్డుతో నేర్చుకునేవాళ్లు హాయిగా దీంతో నడిపించవచ్చు. జీపీఎస్, టెలిమెట్రీ, లైట్లు, ముఖ్యంగా సర్వో గింబల్ (చిన్న మోటార్లతో కెమెరాని నిలకడగా పట్టే స్టాండ్) తగిలించారంటే మాత్రం దీన్ని వదిలేయండి. సర్వో ఒక్కసారి బిగుసుకుంటే 1 ఆంపియర్ పైన లాగేస్తుంది.

నాలుగు ఈఎస్‌సీల ఎర్ర తీగల్నీ ఒకేచోట కలిపితే నాలుగు రెట్ల బలం వస్తుందని కొందరు అనుకుంటారు. రాదు. స్విచ్చింగ్ రకం బెక్‌లైతే ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. ఒక్కదాని ఎర్ర తీగ ఉంచి మిగతా మూడింటి పిన్నుల్ని కేబుల్ నుంచి బయటికి లాగి, టేప్ చుట్టేయండి, కత్తిరించొద్దు, తర్వాత కావాల్సి రావొచ్చు. నల్ల తీగలు మాత్రం నాలుగూ ఉండాలి, సిగ్నల్‌కి ఆ గ్రౌండ్ కావాలి.

రెండోది, విడిగా దొరికే యూబెక్, 5 వోల్టులు 3 ఆంపియర్ల స్విచ్చింగ్ రకం. కొన్ని వందల రూపాయల్లో వస్తుంది, పెద్దగా వేడెక్కదు, 4ఎస్‌కి మారినా ఇబ్బంది లేదు. దీని చిక్కల్లా విద్యుత్ రొద. జీపీఎస్‌కి, దిక్సూచికి దగ్గరగా కట్టకండి, తీగల్ని ఒకదానికొకటి మెలిపెట్టండి, వీలైతే ఫెరైట్ రింగులో రెండు చుట్లు తిప్పండి. గింబల్, లైట్లు ఉన్నవాళ్లు బోర్డుకి ఒకటి, వాటికి ఇంకొకటి పెట్టుకుంటే ఇంకా మంచిది.

మూడోది, పవర్ మాడ్యూల్. ఏపీఎం, పిక్స్‌హాక్ బోర్డుల కోసం వచ్చిన రకం ఇది, 5.3 వోల్టుల దగ్గర రెండు ఆంపియర్లకు కాస్త పైన ఇస్తుంది, అదే తీగల్లో బ్యాటరీ వోల్టేజి, కరెంటు కూడా బోర్డుకి చెబుతుంది. ఆ చివరి మాట కోసమే నేను దీన్ని ఎంచుకుంటాను, ఎందుకంటే ఎంత లాగుతోందో తెలియకుండా కరెంటు సమస్యని వెతకడం చీకట్లో వెతకడమే. ఏపీఎం 2.8లో ఇది పెట్టినప్పుడు జేపీ1 జంపర్ తీసేయాలి, లేకపోతే ఈఎస్‌సీల 5 వోల్టులూ దీని 5 వోల్టులూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఇంకొకటి, ఈ మాడ్యూల్ చెప్పే వోల్టేజిని మల్టీమీటర్‌తో పోల్చి సరిచేయడం మరిచిపోవద్దు. అర వోల్టు ఎక్కువ చూపిస్తుంటే తక్కువ బ్యాటరీ హెచ్చరిక ఆలస్యంగా వస్తుంది, అప్పటికి సెల్స్ పాడైపోతాయి.

ఎఫ్450 సైజు క్వాడ్‌కి జీపీఎస్ ఉందా, పవర్ మాడ్యూల్. గింబల్ కూడా ఉందా, పవర్ మాడ్యూల్‌కి తోడు గింబల్ కోసం విడిగా యూబెక్. రెండూ లేవా, ఈఎస్‌సీ బెక్ చాలు. 5 అంగుళాల ఎఫ్‌పీవీ (క్వాడ్ మీది కెమెరా వీడియో చూస్తూ ఎగరేసే) క్వాడ్‌ల సంగతి వేరు, వాటి ఎఫ్405 రకం బోర్డులోనే రెగ్యులేటర్ ఉంటుంది కాబట్టి ఈ ఎంపికే రాదు, అక్కడ బ్యాటరీ ప్యాడ్‌ల దగ్గర తక్కువ ఈఎస్‌ఆర్ (లోపలి నిరోధం) ఉన్న కెపాసిటర్ పెట్టడం ముఖ్యం, 4ఎస్‌కి 35 వోల్టుల 470 లేదా 1000 మైక్రోఫారాడ్‌లది. అయితే కెపాసిటర్ పెడితే వోల్టేజి పడిపోవడం ఆగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. 40 ఆంపియర్లు లాగేటప్పుడు 1000 మైక్రోఫారాడ్ల కెపాసిటర్ ఒక్క వోల్టు జారడానికి పట్టే సమయం 25 మైక్రోసెకన్లు. అది మోటార్లు బ్రేక్ వేసినప్పుడు పైకి లేచే పోట్లని మింగుతుంది, గైరోకి (తిరుగుడుని పసిగట్టే సెన్సర్‌కి), వీడియోకి వెళ్లే రొదని తగ్గిస్తుంది, అంతే. అలిసిపోయిన బ్యాటరీకి అది మందు కాదు.

బ్యాటరీ మార్చాలనుకుంటే

3ఎస్ 2200 25సీ అంటే కెపాసిటీకి 25 రెట్లు, కాగితం మీద 55 ఆంపియర్లు. నా క్వాడ్ నిలిచి ఉండటానికే 14 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది, పూర్తి థ్రాటిల్‌లో నాలుగు మోటార్లూ కలిసి ఆ 55ని తాకేస్తాయి. అంటే కొత్త బ్యాటరీతోనే అంచు మీద ఉన్నట్టు, పాతబడితే చెప్పక్కర్లేదు. 80 శాతం వాడదామనుకుంటే 1.76 ఆంపియర్ అవర్లు, ఏడున్నర నిమిషాలు. అదే 5200 పెడితే బరువు రెండు వందల గ్రాముల దాకా పెరుగుతుంది, నిలబడటానికి 18 దాకా లాగుతుంది, అయినా దాదాపు 14 నిమిషాలు వస్తుంది, పైగా ఎక్కువ కెపాసిటీ వల్ల వోల్టేజి తక్కువ పడుతుంది. ఈ రెంటిలో నేను 5200 వైపే. ఒక్క షరతు, లాగ్‌లో నిలబడటానికి పట్టే థ్రాటిల్ చూడండి, సగం దగ్గర ఉంటే మంచిది, 70 శాతం దాటిందంటే బరువు ఎక్కువైనట్టు, గాలి వీస్తే సర్దుకోవడానికి మోటార్లలో బలం మిగలదు. దాన్ని ఏ పీఐడీ కూడా బాగుచేయదు.

4ఎస్‌కి వెళ్దామా అని అడిగేవాళ్లకి: 1000 కేవీ మోటారు, 10 అంగుళాల ప్రాప్‌తో వద్దు, మోటార్లు కాలిపోతాయి, 8 అంగుళాలకి దిగితేనే ఆలోచించాలి. పాత ల్యాప్‌టాప్ 18650 సెల్స్‌తో ప్యాక్ కట్టుకుందామనే ఆలోచన ఉంటే పూర్తిగా మానుకోండి. అవి ఒక్కోటి ఐదు ఆంపియర్లు ఇవ్వడమే గొప్ప, రెండు వరసలు కలిపినా పది, మనకి నిలబడటానికే 14 కావాలి. ఖర్చు తగ్గుతుందని చూసుకుంటే నిప్పు అంటుకునే ప్రమాదం తెచ్చుకున్నట్టే. ఎండలో ఆపిన కారులో లైపో వదిలేయడం కూడా అంతే ప్రమాదం.

అన్నీ మళ్లీ టంకం వేశాక మొదటిసారి బ్యాటరీ గుచ్చేటప్పుడు బండి ఇండికేటర్ బల్బు ఒకటి ఎర్ర తీగ మధ్యలో పెట్టి చూడండి. ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు గట్టిగా వెలిగి ఊరుకుంటుంది, ఈఎస్‌సీ కాలదు. పది రూపాయల బల్బు నాకు ఒక ఈఎస్‌సీని కాపాడింది.

ఇప్పుడు సెట్టింగులు

కరెంటు బాగుందని తేలాకే ఇక్కడికి రండి. మొదట మోటార్ల వరస. ఫర్మ్‌వేర్ (బోర్డులో నడిచే సాఫ్ట్‌వేర్) మార్చినవాళ్లు ఎక్కువగా పడే గుంట ఇదే, ఎందుకంటే ఎఫ్‌పీవీ క్వాడ్‌లలో వాడే బీటాఫ్లైట్ ఫర్మ్‌వేర్‌లో ఒకటో మోటారు వెనక కుడి, రెండు ముందు కుడి, మూడు వెనక ఎడమ, నాలుగు ముందు ఎడమ. ఆర్డుపైలట్‌లో ఎక్స్ ఆకారానికి ఒకటి ముందు కుడి, రెండు వెనక ఎడమ, మూడు ముందు ఎడమ, నాలుగు వెనక కుడి. అవే తీగలు ఉంచి ఫర్మ్‌వేర్ మాత్రం మార్చేస్తే లేచిన క్షణమే తిరగబడుతుంది. ప్రాప్స్ తీసేసి మోటార్ టెస్ట్‌లో ఒక్కోటి తిప్పి చూడండి, తిరిగే దిశ కూడా అప్పుడే సరిచూసుకోండి. తర్వాత బోర్డు దిశ: క్వాడ్‌ని చేత్తో ముందుకి వంచితే స్క్రీన్ మీద బొమ్మ కూడా ముందుకే వంగాలి.

ఆర్మ్ చేసినప్పుడు మూడు మోటార్లు తిరిగి ఒకటి ఆలస్యంగా మొదలైతే ఈఎస్‌సీ కాలిబ్రేషన్ చేయలేదన్నమాట, ప్రాప్స్ తీసి చేయండి. డీషాట్ (ఈఎస్‌సీకి డిజిటల్‌గా ఆదేశాలు పంపే పద్ధతి) వాడేవాళ్లకి ఈ పనే లేదు. 3ఎస్ నుంచి సెల్స్ సంఖ్య మార్చినవాళ్లు ఆర్డుపైలట్‌లో మోటార్ల వోల్టేజి సర్దుబాటు హద్దులు మార్చాలి, సెల్‌కి 4.2 పైన, 3.3 కింద, అంటే 3ఎస్‌కి 12.6, 9.9. జీపీఎస్ మోడ్‌లో గుండ్రంగా పెద్దగా తిరుగుతుంటే అది పీఐడీ కాదు, దిక్సూచి పక్కనుంచి బ్యాటరీ తీగ పోతోందేమో చూసి, దిక్సూచి ఉన్న జీపీఎస్‌ని కర్ర మీద ఎత్తులో పెట్టండి. బీటాఫ్లైట్‌లో ఆర్మ్ కావట్లేదని కంగారుపడేవాళ్లు ముందు యూఎస్‌బీ కేబుల్ తీసి చూడండి, ల్యాప్‌టాప్‌లో కాన్ఫిగరేటర్‌కి కనెక్ట్ అయి ఉంటే ఆర్మ్ కానివ్వదు.

పీఐడీ చివరన. గబగబా వణుకుతుంటే పీ తగ్గించండి, మోటార్లు అర నిమిషానికే చేయి పెట్టలేనంత వేడెక్కుతుంటే డీ తగ్గించండి. కానీ దానికంటే ముందు ప్రాప్స్ బ్యాలెన్స్ చూడండి. ఆర్డుపైలట్ లాగ్‌లో కంపనాలు 30 (మీటర్/సెకను²) లోపుంటే పర్వాలేదు, 60 దాటితే ఎత్తు నిలపడం కూడా నమ్మలేం.

బోర్డు ఎప్పుడు మార్చాలి?

కరెంటు, సెట్టింగులు రెండూ చూశాక కూడా మార్చాలనిపిస్తే కారణం స్పష్టంగా ఉండాలి. ఏపీఎం 2.8 ఎనిమిది బిట్ల చిప్ మీద నడిచే బోర్డు, దానికి చివరిగా వచ్చిన ఆర్డుకాప్టర్ 3.2.1, ఆ తర్వాతవి అందులో పట్టవు. నేర్చుకోవడానికి ఇప్పటికీ పనికొస్తుంది, కానీ ఈ రోజు కొత్తగా కొనాల్సిన బోర్డు మాత్రం కాదు. ఎఫ్450 మీద జీపీఎస్‌తో నిలబెట్టి, ముందే గీసిన దారిలో దానంతటదే ఎగిరేలా చేసి, ఇంటికి తిరిగి రప్పించాలంటే పిక్స్‌హాక్ రకం బోర్డు మీద ఆర్డుపైలట్. చేత్తో వేగంగా, ఎఫ్‌పీవీలో ఎగరేయాలంటే ఎఫ్405 మీద బీటాఫ్లైట్. రెంటికీ మధ్యలో, తక్కువ ఖర్చులో జీపీఎస్ కూడా కావాలంటే అదే ఎఫ్405 మీద ఐనావ్ అనే ఫర్మ్‌వేర్. ఆ చవక ఎఫ్405 మీద కూడా ఆర్డుపైలట్ ఎక్కుతుంది కానీ మెమరీ తక్కువ వల్ల కొన్ని సౌకర్యాలు ఉండవు.

చేతిలో రెండు వేలే ఉంటే నేను కొనే వరస ఇది: మంచి మల్టీమీటర్, బ్యాటరీ బ్యాలెన్స్ లీడ్‌కి తగిలించే బజర్ (సెల్ వోల్టేజి పడితే మోగేది), పవర్ మాడ్యూల్ లేదా యూబెక్, కొత్త ఎక్స్‌టీ60 జత, మంచి టంకం తీగ. బ్యాటరీ తర్వాతి నెల. బోర్డు ఆ తర్వాత, అవసరమైతేనే.

ఇంత చేశాక మళ్లీ ఎగరేసే రోజు ఖాళీ మడికే వెళ్లండి, ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై డ్రోన్ మ్యాప్‌లో మీ చోటు గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కర్లేని చోట) ఉందో లేదో చూసుకోండి. ఎఫ్450 ఎలాగూ 250 గ్రాములు దాటుతుంది కాబట్టి నానో (డ్రోన్లలో అన్నిటికంటే చిన్న తరగతి) లెక్కలోకి రాదు. నడుము ఎత్తులో రెండు నిమిషాలు నిలిపి దించండి, బ్యాటరీ తీసిన వెంటనే ప్రతి కనెక్టర్, ప్రతి ఈఎస్‌సీ, ప్రతి మోటారు వేలితో తాకి చూడండి. నాలుగూ ఒకే వెచ్చదనంలో ఉండాలి. ఏదైనా ఒకటి మిగతావాటికంటే వేడిగా ఉంటే ఆ రోజుకి మళ్లీ లేపకండి, ఇంటికొచ్చి దాన్నొక్కదాన్నే విప్పండి.